మాటలు వినిపించడం తగ్గింది, తమ్ముడు మాత్రం మంచం దిగడం లేదు: రిహాబ్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

ఖమ్మం_అక్క:
మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. బీటెక్ మూడో ఏడాదిలో మొదలైంది. ఇప్పుడు మందులు బాగానే పనిచేస్తున్నాయి. చెవిలో మాటలు దాదాపు లేవు, ఎవరో వెంటాడుతున్నారన్న భయం పోయింది. కానీ పొద్దెక్కినా లేవడు, స్నానానికి పదిసార్లు చెప్పాలి. ఫ్రెండ్స్ ఎవరూ మిగల్లేదు. నాన్న ఒళ్లు బద్ధకం అంటారు, బంధువులేమో ఏదైనా హోమ్‌లో వేసేయమంటున్నారు. డాక్టర్ గారు రిహాబిలిటేషన్ మంచిదన్నారు గానీ ఓపీ రద్దీలో వివరంగా అడిగే వీల్లేకపోయింది. అసలు అక్కడ ఏం చేస్తారు? ఎవరైనా చేయించారా?

విశాఖ_తల్లి:
అమ్మా, ముందు ఆ బద్ధకం అనే మాట ఇంట్లో మాన్పించు. ఆ మాట విని మా అబ్బాయి ఇంకా ముడుచుకుపోయాడు.

మేం బెంగళూరులోని పెద్ద మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కి తీసుకెళ్లాం. అక్కడ రిహాబ్ విభాగంలో డే కేర్ ఉంది, పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయొచ్చు. బేకరీ, కుట్టుపని, కొవ్వొత్తుల తయారీ, ఇలా రకరకాల పనులు. మావాడిని బేకరీలో పెట్టారు. మొదట్లో ఇచ్చిన పని బిస్కెట్లు లెక్కపెట్టి కవర్లో వేసి సీల్ చేయడం, అంతే. ఇంజనీరింగ్ చదివిన పిల్లాడికి ఇదేం పని అని మా ఆయన చాలా బాధపడ్డారు. కానీ ఆ పనికి టైముకి చేరాలంటే లేవాలి, స్నానం చేయాలి, ఉతికిన చొక్కా వేసుకోవాలి. పక్కనున్న అబ్బాయిని కవర్లు అందించమని నోరు తెరిచి అడగాలి. కొన్నాళ్లకి మధ్యాహ్నం ఇద్దరూ కలిసి తింటున్నారని తెలిసి నాకు ఏడుపొచ్చింది. వాడు ఇంకో మనిషితో కూర్చుని తిని ఎన్నేళ్లయిందో.

సోషల్_వర్కర్_హైదరాబాద్:
నేను ఈ రంగంలోనే పనిచేస్తున్నాను. ఉత్సాహం, చొరవ, మాట తగ్గిపోవడం జబ్బులో భాగమే. వీటిని నెగటివ్ లక్షణాలంటారు. మాటలు వినిపించడాన్ని తగ్గించినంత బాగా మందులు వీటిని తగ్గించలేవు. ఒక్కోసారి మందుల మత్తు, డిప్రెషన్ కూడా తోడవుతాయి కాబట్టి డోసు గురించి డాక్టర్‌ని తప్పకుండా అడగండి. మీ అంతట మీరు మాత్రం తగ్గించొద్దు.

రిహాబ్‌లో రోజువారీ పనులు, నలుగురితో మాట్లాడటం, డబ్బు లెక్క చూసుకోవడం, ఏదో ఒక ఉద్యోగం, వీటిని చిన్న చిన్న మెట్లుగా సాధన చేయిస్తారు. ఇంట్లోవాళ్లకీ కౌన్సెలింగ్ ఉంటుంది. అదేపనిగా తిట్టే ఇంట్లో జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని ఎన్నో దేశాల పరిశోధనల్లో తేలింది. ఇది మీ నాన్నగారికి డాక్టర్ చేతే చెప్పించండి.

ఇక హోమ్‌లో వేసేయడం అంటారా, అది రిహాబ్ కాదు. హాఫ్‌వే హోమ్ అంటే కొన్నాళ్లుండి, నేర్చుకుని, బయటికి వచ్చే చోటు. చేర్చే ముందు నాలుగు విషయాలు కనుక్కోండి: రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీలో రిజిస్టర్ అయిందా, సైకియాట్రిస్ట్ ఎప్పుడెప్పుడు వస్తారు, ఇంటికి ఫోన్ చేసుకోనిస్తారా, ఎప్పుడు పంపించాలన్న ప్లాన్ ఉందా. తాగుడు మాన్పించే సెంటర్లు కూడా రిహాబ్ అనే బోర్డు పెట్టుకుంటాయి, జాగ్రత్త. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచే ఒక హోమ్‌లో మంటలు లేస్తే గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టేయడాన్ని పూర్తిగా నిషేధించింది. సమాజంలో నలుగురి మధ్య బతికే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది.

తిరుపతి_కుర్రాడు:
అక్కా, నాకూ ఇదే జబ్బు. నెలకోసారి ఇంజెక్షన్ వేయించుకుంటాను, సూపర్ మార్కెట్‌లో స్టాక్ చూసే ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడ అందరూ మంచి మాటలే చెప్పారు గానీ ఒక్కటి అడుగుతాను: ఏం కావాలని మీ తమ్ముణ్ణి ఎవరైనా అడిగారా?

నన్ను అడిగింది మా డే కేర్ మేడమ్ ఒక్కరే. బ్యాంకుకెళ్లి నా డబ్బు నేనే తీసుకోవాలన్నాను. మొదట బస్టాప్ దాకా నాతో వచ్చారు. తర్వాత బస్సెక్కి బ్యాంకు దాకా వచ్చి, విత్‌డ్రా ఫారం నాతోనే రాయించారు. ఆ తర్వాత బయటే నిలబడ్డారు. ఇప్పుడు నేనొక్కడినే వెళ్తాను. ఉద్యోగం వెతికేటప్పుడు మాత్రం నైట్ షిఫ్ట్ వద్దని ముందే చెప్పండి. నిద్ర చెడితే నాకు అన్నీ చెడతాయి.

సదరం_సలహాలు:
సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఉందని ఇచ్చే సర్టిఫికెట్ సంగతి ఎవరూ చెప్పలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం కూడా ఉంది. స్వయంగా పనులు చేసుకోవడం, మనుషులతో సంబంధాలు, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం, వీటిని బట్టి, జబ్బు ఎన్నాళ్లుగా ఉందన్నదాన్ని బట్టి స్కోరు వేస్తారు. 40 శాతం వస్తే పెన్షన్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వికలాంగుల పెన్షన్‌ని తెలంగాణలో 2023లో నెలకు 4,016 రూపాయలు, ఆంధ్రలో 2024 జులై నుంచి 6,000 చేశారు. సర్టిఫికెట్ పరీక్షకి స్లాట్ బుక్ చేసి, పాత ఓపీ చీటీలు, డిశ్చార్జి సమ్మరీలు అన్నీ పట్టుకెళ్లండి. మనిషి ఆరోజు మామూలుగా కనిపిస్తే కాగితాలే మాట్లాడాలి.

ఖమ్మం_అక్క:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి వాణ్ణి అడిగాను. చాలాసేపు పలకలేదు. తర్వాత "కంప్యూటర్ వద్దక్కా, మొక్కల పని అయితే చేస్తా" అన్నాడు. చిన్నప్పుడు తాతయ్య వెంట తోటకి వెళ్లేవాడు. బెంగళూరులో ఉండే స్తోమత మాకు లేదు. ఇటువైపు ఎక్కడ మొదలుపెట్టాలి?

సోషల్_వర్కర్_హైదరాబాద్:
చాలా మంచి జవాబు ఇచ్చాడు, దాన్నే పట్టుకోండి. జిల్లా ఆసుపత్రిలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం టీమ్‌ని గానీ, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో గానీ సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఉన్నారా అని అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, దగ్గర్లో ఏమున్నాయో వాళ్లనీ అడగండి. ఈలోగా ఊళ్లో తెలిసిన నర్సరీ ఉంటే రోజూ ఒక గంట మొక్కలకి నీళ్లు పోసే పని ఇప్పించమని అడగండి. మొదటి వారం మీరు వెంట వెళ్లండి. ఈసారి ఓపీలో మొక్కల మాట మీరు కాకుండా వాడి నోటితోనే డాక్టర్‌కి చెప్పనివ్వండి.