అప్‌డేట్: పడవ ఊగితే బిల్జ్ పంపు ఆగిపోయే సమస్య తీరింది

బిల్జ్ పంపు అంటే పడవ అడుగున చేరే నీటిని బయటికి తోడేది. పడవలో వైరు జాయింట్లకు సోల్డరింగ్ (లోహం కరిగించి అతకడం) మంచిదా, క్రింపింగ్ (చిన్న లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించడం) మంచిదా అని అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చుల్లో ఏ తప్పూ లేదు. వాటి మీద రెండు రోజులు వృథా.

ఎలక్ట్రీషియన్ పంపు వైరు జాయింటు విప్పి చూపించాడు. నా సోల్డర్ ముద్ద చెక్కు చెదరలేదు, కానీ అది ఆగిన అంచు దగ్గరే వైరు పోగులు దాదాపు అన్నీ తెగి మూడు నాలుగే మిగిలాయి. సోల్డర్ వైరు లోపలికి పాకి పుల్లలా గట్టిపడుతుందట, ఇంజిన్ అదురుకు అక్కడే విరుగుతుంది. పైగా పచ్చటి చిలుము.

తగరం పూత వైరు వేసి, రాట్చెట్ క్రింపర్‌తో (పూర్తిగా నొక్కితే గానీ వదలని క్రింపింగ్ పనిముట్టు) నొక్కి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే గొట్టం) తొడిగాం. మామూలు ప్లయర్‌తో నొక్కకండి. నేను అలా నొక్కిన జాయింటు లాగగానే చేతికొచ్చింది. నెల రోజులైంది, పంపు ఆగలేదు.