జీతం పడిన సాయంత్రమే మా తమ్ముడు మనిషి మారిపోతున్నాడు, ఏం చేయాలి?

గాజువాక అక్క:
మా తమ్ముడికి 31 ఏళ్లు, ఆటోనగర్‌లో వెల్డర్. పనికి వంక పెట్టలేం, ఇంటి లెక్కలు నాకంటే బాగా చెప్తాడు. కానీ 7వ తేదీన జీతం మెసేజ్ వచ్చిందంటే ముందు మందు, ఆ మత్తులో ఆన్‌లైన్ రమ్మీ, పోయింది రాబట్టాలని లోన్ యాప్. మొన్న మరదలి దుద్దులు తాకట్టు పెట్టేశాడు. తెల్లారి ఏడుస్తాడు, పిల్ల మీద ఒట్టేస్తాడు, ఆ ఏడుపు నిజమే, నేను చూశాను. అమ్మేమో నా గొలుసు అమ్మి అప్పు తీర్చమంటోంది. తీర్చాలా?

మానేసిన అన్నయ్య:
అమ్మొద్దమ్మా. నేను మానేసి నాలుగేళ్లవుతోంది. మా నాన్న నా అప్పు రెండుసార్లు తీర్చారు, రెండుసార్లూ నెల తిరక్కుండానే మళ్లీ చేశాను. ఎన్‌ఏడీ జంక్షన్‌లో బస్సు దిగేదాకా ఇంటద్దె గుర్తుండేది, బార్ బోర్డు కనిపించాక ఆ అద్దె ఎవరిదో అన్నట్టు ఉండేది. చివరికి మందు ముట్టని, మనసు కుదురుగా ఉన్న ఓ రోజు జీతం మా ఆవిడ అకౌంట్‌లో పడేలా ఆఫీసులో రాసిచ్చాను, ఫోన్‌లో యూపీఐ తీసేశాను, రోజుకి 150 చేతికి తీసుకున్నాను. మొదటి నెలంతా ఇంట్లో గొడవే. అయినా ఆవిడ ఇవ్వలేదు.

వాల్తేరు నర్సు:
బుద్ధి లేక కాదండీ. వ్యసనం ముదిరితే ఇప్పుడు దొరికే చిన్న సుఖం ముందు నెల తర్వాతి పెద్ద లాభం ఆనదని పరిశోధనల్లో పదేపదే తేలింది. జూదాన్ని కూడా 2013లో అమెరికా మానసిక వైద్యులు మందు, డ్రగ్స్ పక్కనే వ్యసనాల్లో చేర్చారు. 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబర్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, అక్కడ చూపించండి. రోజూ తాగేవాడైతే మాత్రం ఇంట్లో పెట్టి ఒక్కసారిగా మాన్పించకండి, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, డాక్టర్ చూస్తుండగానే మానాలి.

మద్దిలపాలెం పిన్ని:
మన ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు, అయినా ఏదో లింకు పట్టుకుని ఆడుతూనే ఉన్నారు. లోన్ యాప్ వాళ్లు ఫొటోలు మార్చి బెదిరిస్తే సైబర్ నేరాల నంబర్ 1930కి ఫిర్యాదు చేయండి, భయపడి ఇంకో యాప్‌లో అప్పు చేయనివ్వకండి.

గాజువాక అక్క:
గొలుసు అమ్మనని అమ్మకి చెప్పేశాను, అలిగింది. ఇవాళ 4వ తేదీ, తమ్ముడు బాగానే ఉన్నాడు. రాత్రి పని నుంచి రాగానే మరదల్ని కూడా కూర్చోబెట్టి జీతం అకౌంట్ సంగతి అడుగుతాను.