ఎర్ర గచ్చు గదిలో మీగడ రంగు గులాబీ ఎందుకైంది?

గచ్చుఇల్లు:

అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర మా అమ్మగారి పెంకుటిల్లు ఇప్పుడు నా బాధ్యత. ముందుగది 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. పడమటి గోడకు రెండు పెద్ద కిటికీలు, కింద ఎర్ర గచ్చు. అమ్మ ప్రతి పండక్కీ కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది ముఖం కనిపించేలా చేసిన గచ్చు అది. తవ్వేసి తెల్ల టైల్స్ పరిపించమని చుట్టాలంతా చెప్పారు. ఆ మాట నా దగ్గర నడవదు. గోడలకు మాత్రం రంగు వేయిద్దామని దిగాను.

షేడ్ కార్డులో బొటనవేలి గోరంత ముక్క చూసి మీగడ రంగు ఎంచుకున్నాను. ఎమల్షన్, అంటే నీళ్ళతో కలిపే ప్లాస్టిక్ రంగు, రెండు పూతలు వేశారు. పొద్దున చూస్తే మీగడే. మధ్యాహ్నం మూడు దాటితే గది మొత్తం ఉడికిన రొయ్య పొట్టు రంగులోకి వస్తోంది. మా మరిది గుమ్మంలో నిలబడి "గోడలకు కాలమైన్ లోషన్ పూయించారా వదినా?" అన్నాడు. డబ్బా తప్పు ఇచ్చారేమోనని మిగిలిన రంగు ఒక అట్టకు పూసి పెరట్లో పెట్టి చూశాను. అక్కడ శుభ్రంగా మీగడ రంగే!

ఇంకా మూడు గదులు మిగిలాయి. మా వారు తెలుపు వేయించి ఊరుకోమంటారు. అమ్మాయికి ఒక గోడ ముదురు నీలం కావాలట. అసలు ఈ గులాబీ ఎక్కడినుంచి వస్తోందో చెప్పగలరా?

మేస్త్రిగారబ్బాయి:

అమ్మా, దుకాణం వాడి తప్పూ లేదు, మీ కళ్ళ తప్పూ లేదు. గచ్చు చేస్తున్న పని అది. పడమటి ఎండ కిటికీలోంచి నేల మీద పడి, ఎర్రగా పైకి లేచి గోడలకు తగులుతుంది. నమ్మకం కుదరకపోతే రేపు మూడున్నరకు నేలంతా తెల్ల దుప్పట్లు పరిచి చూడండి.

తెలుపు వేస్తే ఇంకా ఘోరం. తెల్ల గోడ తన మీద పడినదాన్నంతా తిరిగి చూపిస్తుంది. ఎరుపును అణచాలంటే గోడ రంగులో కాస్త ఆకుపచ్చ, కాస్త బూడిద కలిసి ఉండాలి. కార్డులో అది చప్పగా కనబడుతుంది, చాలామంది దాటేస్తారు. పైగా నాలుగు గోడలూ ఒకదాని రంగు మరొకదాని మీద వేసుకుంటాయి కాబట్టి కార్డులో లేతగా కనిపించింది గోడ మీద ఒక మెట్టు ముదురుతుంది.

అమ్మాయి అడిగిన ముదురు నీలం కిటికీలున్న గోడకు మాత్రం వద్దు. వెలుగు చుట్టూ చీకటి పెడితే కళ్ళు గుంజుతాయి. ఉత్తరం గోడకో దక్షిణం గోడకో వేయండి.

ఇక నాకు అసలు భయం వేరే ఉంది. పాత సున్నం పొరలు గీకించారా? గీకకుండా ఎమల్షన్ వేస్తే సున్నంతో సహా పెచ్చులూడుతుంది. పైగా మీ కోనసీమ గోడలు కింది నుంచి చెమ్మ పీలుస్తాయి. సున్నమైతే ఆ చెమ్మను బయటికి పోనిస్తుంది, ఎమల్షన్ చాలావరకు ఆపేస్తుంది. మిగిలిన మూడు గదులకు సున్నమే వేయించండి. మా నాన్న చేసిన పని అదే, నేను 22 ఏళ్ళుగా చేస్తున్నదీ అదే, కాబట్టి కొంచెం పక్షపాతం ఉందనుకున్నా పరవాలేదు.

ఉత్తరపుకిటికీ:

మేస్త్రిగారితో ఒక్కచోట పేచీ. ఆకుపచ్చ కలిసిన బూడిద అనగానే పరుగెత్తకండి. కూకట్‌పల్లిలో మాది అయిదో అంతస్తు, హాలుకు ఉత్తరం వెలుగు తప్ప మరొకటి లేదు. ఫొటోలు చూసి బూడిద రంగు వేయించాను. ఏడాది పొడుగునా మా ఇంట్లో ముసురే! ఉత్తరపు వెలుగులోనే నీలం పాలు ఎక్కువ, దానికి నా బూడిద తోడైంది. చివరికి బల్బులు మారిస్తే కొంత బతికింది. పెట్టె మీద 2700 నుంచి 3000 కెల్విన్ అని ఉంటే పసుపు వెలుగు, 6500 అని ఉంటే నీలం కలిసిన తెలుపు. మీరు ఏ రంగు ఎంచుకున్నా రాత్రి మీ దీపాల కింద కూడా ఒకసారి చూడండి.

గచ్చుఇల్లు:

దుప్పట్లు పరిచాను. నాలుగు చాలక పట్టుపంచె కూడా తీశాను, మా వారు చూడలేదు. గోడలు నిమిషంలో మీగడ రంగుకు వచ్చాయి. దుప్పటి లాగితే మళ్ళీ రొయ్య. పిల్లలు పదిసార్లు లాగించారు.

అప్పుడు ఒకటి తట్టింది. అమ్మ ఉన్నప్పుడు ఈ గది ఎప్పుడూ గులాబీగా లేదు. గచ్చు ఇదే, ఎండ ఇదే. సంక్రాంతికి సున్నం కలిపేటప్పుడు బకెట్లో నీలిమందు ముడి ముంచి ఆడించేది. తెల్లగా మెరవడానికి అనుకునేదాన్ని. ఆ నీలమే ఎరుపును తినేసిందంటారా?

మేస్త్రిగారబ్బాయి:

అంతే తల్లీ. సున్నంలోని పసుపుదనాన్ని చంపడానికి వేసేవారు, మీ ఇంట్లో గచ్చు ఎరుపుకూ విరుగుడైంది. మూడు గదులకూ అలాగే కలిపించండి. సీసాల్లో అమ్మే ద్రవం వద్దు, పొడి అల్ట్రామెరైన్ నీలం తీసుకోండి. అది సున్నపు ఘాటుకు తట్టుకుంటుంది, అన్ని రంగులూ తట్టుకోవు. ముడి పలుచని గుడ్డలో కట్టాలి, లేకపోతే గోడ మీద గీతలు పడతాయి. తడిగా ఉన్నప్పుడు గోడ మరకలుగా కనిపిస్తే కంగారు పడకండి, సున్నం ఆరాకే తెల్లబడుతుంది. కళ్ళలో పడకుండా చూసుకోండి. ముందుగదిలో మాత్రం ఎమల్షన్ మీద సున్నం పట్టదు, అక్కడ మళ్ళీ ఎమల్షనే.

గచ్చుఇల్లు:

ముందుగది పని అయింది. ఈసారి మూడు రంగులు చిన్న డబ్బాల్లో తెచ్చి, మూడేసి అడుగుల అట్టలకు పూసి, గోడకు ఆనించి రెండు రోజులు చూశాను. పొద్దున, మూడున్నరకు, రాత్రి దీపం కింద. గెలిచిన దాని పేరు కార్డు మీద ఏదో ఉంది కానీ, నా లెక్కలో అది లేత బీరకాయ లోపలి రంగు. తెచ్చిన రోజు అమ్మాయి "ఆసుపత్రిలా ఉంది" అని మూతి ముడిచింది. మధ్యాహ్నం ఎండ గచ్చు మీద పడ్డాక అదే గోడ, నేను మొదట కోరుకున్న మీగడ రంగులో ఉంది.

నీలం ఉత్తరం గోడకు వచ్చే నెల. మా వారు మాత్రం చివరికి తెలుపే వేయించానని అందరికీ చెబుతున్నారు. నేను కాదనడం లేదు.