చర్చ: సీడీ4 కణాలను చంపేది హెచ్‌ఐవీనా, మన రోగనిరోధక వ్యవస్థేనా?

వెన్నెల:
మా తమ్ముడికి హెచ్‌ఐవీ ఉంది. నాలుగేళ్లుగా మందులు వాడుతున్నాడు, సీడీ4 కౌంట్ (రోగనిరోధక వ్యవస్థను నడిపించే తెల్ల రక్తకణాల లెక్క) 650. పది రోజుల కిందట మాత్రలు ఆపేశాడు. "కణాలను చంపేది వైరస్ కాదక్కా, మన ఇమ్యూనిటీ అతిగా రెచ్చిపోవడమే. దాన్ని చల్లబరిస్తే చాలు" అంటున్నాడు. ఎక్కడో చదివాడట. ఇందులో నిజమెంత? చాలా టెన్షన్‌గా ఉంది.

నిలకడ:
పచ్చి అబద్ధం. చంపేది వైరస్సే. కణం మీద ఉండే సీడీ4 అనే ప్రోటీన్‌కి అతుక్కుంటుంది, పక్కనే ఉండే సీసీఆర్5 అనే ఇంకో ప్రోటీన్‌ను కూడా పట్టుకుని కణంలోకి దూరుతుంది. తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి మన డీఎన్‌ఏలో కలిపేస్తుంది. ఇక ఆ కణం పని వైరస్‌లు తయారుచేయడమే. రెండు రోజులు తిరిగేసరికి చస్తుంది. రోజుకు దాదాపు వెయ్యి కోట్ల కొత్త వైరస్‌లు పుడతాయని 1996లోనే లెక్కగట్టారు. ఇంకేం రుజువు కావాలి?

సూక్ష్మదర్శిని:
నిలకడ గారూ, వైరస్‌లు తయారుచేసే కణాలు చస్తాయి, కాదనను. కానీ రక్తంలో వైరస్ సోకిన సీడీ4 కణాలు ఎప్పుడు చూసినా కొద్దిగానే ఉంటాయి. మరి మిగతావి ఎందుకు పోతున్నాయి? 2014లో వార్నర్ గ్రీన్ అనే శాస్త్రవేత్త బృందం టాన్సిల్, ప్లీహం కణజాలంలో చూసింది. చనిపోయిన కణాల్లో 95 శాతానికి పైగా వైరస్ సోకడం మధ్యలోనే ఆగిపోయినవే. వైరస్ లోపలికి దూరుతుంది, డీఎన్‌ఏ రాయడం మధ్యలోనే ఆగిపోతుంది. ఆ తునకలను పసిగట్టి కణం తనను తానే పేల్చేసుకుంటుంది. దీన్నే పైరోప్టోసిస్ అంటారు. పేలినప్పుడు వాపు పుట్టించే రసాయనాలు బయటపడతాయి, అవి కొత్త సీడీ4 కణాలను అక్కడికి రప్పిస్తాయి. అవీ చస్తాయి.
సూటీ మాంగబే కోతులను చూడండి. వాటి ఒంట్లో ఎస్‌ఐవీ (కోతుల్లో ఉండే, హెచ్‌ఐవీ లాంటి వైరస్) విపరీతంగా ఉన్నా ఎయిడ్స్ మాత్రం చాలా అరుదు. వాటి రోగనిరోధక వ్యవస్థ అంతగా రెచ్చిపోదు కాబట్టి.

నిలకడ:
ఆ 95 శాతం ల్యాబ్‌లో, గాజుపాత్రలో. మనిషి ఒంట్లో కాదు.

సూక్ష్మదర్శిని:
గాజుపాత్రలోదే, కానీ మనిషి కణజాలమే.

నిలకడ:
అయితే "మనిషి ఒంట్లో 95" అని చెప్పకండి.

సూక్ష్మదర్శిని:
నేను అలా రాయలేదు. పైకి వెళ్లి మళ్లీ చదవండి.

ఊరికే చదివేవాణ్ణి:
95 అయితేనేం, 65 అయితేనేం? వైరస్ లేకపోతే ఆ కణాల్లో ఒక్కటీ చావదు కదా.

నిలకడ:
మీకు అది అంకె. నాకు కాదు. 2009లో నా కౌంట్ 310. అప్పట్లో చాలాచోట్ల 200కి దిగితేగానీ మందు మొదలుపెట్టేవాళ్లు కాదు. "మీ ఒళ్లే పోరాడుతోంది, ఇమ్యూనిటీ పెంచుకోండి" అని పంపేశారు. ఎనిమిది నెలలకు టీబీ వచ్చింది. మా ఆవిడతో ఏమన్నారో తెలుసా? "ఆయన ఒంట్లో తట్టుకునే బలం లేదమ్మా" అని. వైరస్ లోపల విచ్చలవిడిగా పెరుగుతుంటే తప్పు నా ఒంటిదయింది. అందుకే ఎవరైనా ఇమ్యూనిటీ వల్లే అంటే నా రక్తం మరుగుతుంది.

సూక్ష్మదర్శిని:
మీకు జరిగింది అన్యాయం. నాదీ వినండి. మా నాన్నగారు పదకొండేళ్లు ఒక్క మాత్ర తప్పలేదు. పరీక్షలో వైరస్ కనిపించేదే కాదు. 52 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. వెళ్లిన ప్రతిసారీ "వైరస్ లేదు, అంతా బాగుంది" అన్నారే తప్ప, బీపీ, కొలెస్ట్రాల్ చూసినవాళ్లు లేరు. సోకిన తొలి వారాల్లోనే పేగుల్లోని సీడీ4 కణాలు భారీగా పోతాయి, పేగు గోడ దెబ్బతింటుంది, బాక్టీరియా పదార్థాలు రక్తంలోకి కారుతుంటాయి. మందులు వాడినా ఆ వాపు పూర్తిగా చల్లారదు, గుండెకు ముప్పు ఉంటుంది. 2023లో రిప్రీవ్ అధ్యయనంలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు పిటావాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే మందు ఇస్తే పెద్ద గుండె సమస్యలు 35 శాతం తగ్గాయి. మా నాన్నకు అది అందలేదు. వైరస్ ఒక్కటే అని మీరంటే, ఆ డాక్టర్ల మాటే మళ్లీ విన్నట్టుంది నాకు.

గోరువంక:
కౌన్సెలింగ్ పనిలో ఉన్నాను, వెన్నెల గారి కోసం రాస్తున్నాను. మీ తమ్ముడు చేస్తున్న ప్రయోగాన్ని ఇదివరకే 5,400 మందికి పైగా మనుషులతో చేసి చూశారు. 2006లో ఫలితాలు వచ్చిన స్మార్ట్ అధ్యయనం అది. కౌంట్ 350 దాటితే మందు ఆపారు, 250 కిందికి పడితే మళ్లీ ఇచ్చారు. ఆపినవాళ్లలోనే చావులు ఎక్కువ. గుండె, కిడ్నీ, లివర్ జబ్బులూ వాళ్లలోనే ఎక్కువ. మందు ఆపితే వైరస్ తిరిగి లేస్తుంది, దాంతోపాటే వాపూ లేస్తుంది. ఇమ్యూనిటీ చల్లబడాలని ఆపితే అది ఇంకా మండుతుంది. నిద్రపోతున్న సీడీ4 కణాల్లో వైరస్ దాక్కునే ఉంటుంది, చాలామందిలో కొన్ని వారాల్లోనే బయటికొస్తుంది. మాంగబే కోతులు ఎన్నో తరాలుగా ఆ వైరస్‌తో బతికి అలా తయారయ్యాయి. మనం కాలేదు. కౌంట్ 650 చూసి ధైర్యపడొద్దు, అది ఆలస్యంగా పడుతుంది. వెంటనే డాక్టర్‌ను కలిసి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే పరీక్ష) చేయించండి.

నిలకడ:
సూక్ష్మదర్శిని గారూ, మీ నాన్నగారి సంగతి తెలియక కటువుగా మాట్లాడాను. కానీ పేషెంటు ముందు "ఇమ్యూనిటీ వల్లే" అనే మాట అంటే అతను ఏం వింటాడో ఆలోచించండి. వెన్నెల గారి తమ్ముడు విన్నది అదే.

సూక్ష్మదర్శిని:
చెప్పకపోతే ఏమవుతుందో నేను చూశాను. సగం చెప్పినందుకే ఆ అబ్బాయి ఆపేశాడు. మొత్తం చెప్పాలి.

నిలకడ:
నేనింకా ఒప్పుకోను. ముందు మాత్ర మింగించాలి, మిగతావి తర్వాత.

వెన్నెల:
వాడిచేత ఇదంతా చదివించాను. కోతుల దగ్గర ఆగి "చూశావా అక్కా" అన్నాడు. స్మార్ట్ అధ్యయనం సంగతి చదివాక ఏమీ మాట్లాడలేదు. రేపు పొద్దున నాతో వస్తానన్నాడు. డాక్టర్‌ను అడగాల్సినవి రాసుకుంటున్నాను. వైరల్ లోడ్ కింద బీపీ, కొలెస్ట్రాల్ కూడా రాశాను, సూక్ష్మదర్శిని గారూ.