ఫిబ్రవరి 2న విశ్వనాథ్, బాలు, వాణీ జయరాం, సిరివెన్నెల సంస్మరణ: పాటలు, ట్రాకులు, మైకులు, పర్మిషన్లు

కొబ్బరాకు:
అందరికీ నమస్కారమండి. మా అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో ఫిబ్రవరి 2న సాయంత్రం 6 నుంచి 9 వరకు పాటల కార్యక్రమం అనుకుంటున్నాం. శంకరాభరణం విడుదలైంది 1980లో ఆ తేదీనే, విశ్వనాథ్ గారు పోయింది 2023లో ఆ తేదీనే. వాణీ జయరాం గారు ఆ తర్వాత రెండు రోజులకే పోయారు కాబట్టి ఆవిడనీ, 2020 సెప్టెంబరు 25న వెళ్ళిపోయిన బాలు గారినీ, 2021 నవంబరు 30న వెళ్ళిపోయిన సిరివెన్నెల గారినీ కూడా కలిపి తలుచుకుందామని. హాల్లో 150 కుర్చీలు పడతాయి, టికెట్ లేదు. పాడేవాళ్ళు ఎనిమిది మంది, ఎవరూ ప్రొఫెషనల్స్ కారు, ఆర్కెస్ట్రా లేదు, ట్రాకుల (గొంతు లేకుండా వాద్యాలు మాత్రమే ఉన్న రికార్డింగుల) మీదే. లిస్టులో ఇప్పటికి 34 పాటలు చేరాయి. ఎన్ని ఉంచాలి, ట్రాకులు ఎలా చూసుకోవాలి, సౌండ్‌కి ఏం చెప్పాలి, పర్మిషన్లు ఏమైనా కావాలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పగలరు.

పాతపాట:
34 కుదరవండి. పాట సగటున ఐదు నిమిషాలు, యాంకర్ మాట ఒక నిమిషం, మనుషులు మారడానికీ మైకులు సర్దుకోవడానికీ ఇంకో నిమిషం, వెరసి పాటకి ఏడు. మూడు గంటల్లో జ్యోతి ప్రజ్వలన, పూలమాలలు, అధ్యక్షుల వారి ‘రెండు మాటలు’ కలిపి అరగంట పోతే మిగిలేది 150 నిమిషాలు. అంటే 21 పాటలు. 20 పెట్టుకుని రెండు చేతిలో ఉంచుకోండి. లేకపోతే తొమ్మిదింటికి ఇంకా పదమూడు పాటలుంటాయి, అప్పుడు ‘పల్లవి, ఒక్క చరణం చాలు’ అని కోయడం మొదలవుతుంది. కోత పడేదెప్పుడూ చివర పాడేవాళ్ళకే.

ఎంపికలో ఒక తప్పు తరచుగా జరుగుతుంది. వాణీ జయరాం గారి స్మృతికని ‘సామజవరగమనా’ పెడతారు. అందులో ఉన్నది జానకి గారి గొంతు. శంకరాభరణంలో వాణీ గారివి కావాలంటే ‘మానస సంచరరే’, ‘బ్రోచేవారెవరురా’, ‘దొరకునా ఇటువంటి సేవ’ బాలు గారితో కలిసి పాడినవి. ‘పలుకే బంగారమాయెనా’, ‘ఏ తీరుగ నను’ ఉన్నాయి. ఆ సినిమాకి బాలు గారికీ వాణీ గారికీ ఇద్దరికీ జాతీయ అవార్డులొచ్చాయి. స్వాతికిరణంలో ‘ఆనతినీయరా’ కూడా ఆవిడకి జాతీయ అవార్డు తెచ్చిందే, రాసింది సిరివెన్నెల. తెర మీద పిల్లాడు, గొంతు ఆవిడది. మీ ఎనిమిది మందిలో బాగా సాధన ఉన్న అమ్మాయి ఉంటేనే అది పెట్టండి, చివర్లో స్వరాలు జారితే దాచుకునే చోటుండదు.

ముగింపుకి నా ఓటు స్వర్ణకమలంలో ‘అందెల రవమిది’కి. దర్శకుడు విశ్వనాథ్, రచన సిరివెన్నెల, గొంతులు వాణీ జయరాం, బాలు. మీరు తలుచుకుంటున్న నలుగురూ ఒకే పాటలో ఉన్నారు. పాటలో బరువంతా ఆడగొంతుదే కాబట్టి దానికి మనిషిని ముందే ఖాయం చేసి, ఆ రోజు ఆవిడకి ఇంకో పెద్ద పాట ఇవ్వకండి.

యాంకర్ కాగితంలో రచయిత పేరు తప్పకుండా ఉండాలి. పాడుతా తీయగాలో పాటకి ముందు సినిమా, రచయిత, సంగీత దర్శకుడి పేర్లు చెప్పించడం అలవాటు చేసిన బాలు గారి సభ అది. తప్పులు దొర్లేవి ఇక్కడే: ‘బ్రోచేవారెవరురా’ త్యాగరాజు గారిది కాదు, మైసూరు వాసుదేవాచార్యులది. ‘మానస సంచరరే’ సదాశివ బ్రహ్మేంద్రులది. ‘దొరకునా’, ‘సామజవరగమనా’ ఎత్తుగడలు త్యాగరాజ కీర్తనల్లోవే గానీ సినిమాలో ఆ పై సాహిత్యం వేటూరి గారిది. ‘వేల పాటలు’, ‘ఇన్ని భాషలు’ అనే అంకెల జోలికి పోకండి. ప్రతి పాటకీ ‘గాన గంధర్వుడు’ అన్నా అంతే, నాలుగోసారికి ఎవరూ వినరు. దానికి బదులు 1967లో వచ్చిన శ్రీ శ్రీ శ్రీ మర్యాద రామన్నలో బాలు గారి మొట్టమొదటి సినిమా పాట ‘ఏమి ఈ వింత మోహం’ సోలో కాదని, సుశీల, పి.బి. శ్రీనివాస్, రఘురామయ్య గార్ల గొంతుల మధ్య ఒక గొంతుగా మొదలయ్యారని చెప్పండి. అది జనానికి గుర్తుంటుంది.

తంబురా:
శ్రుతి సంగతి. పల్లవి హాయిగా వచ్చింది కదా అని పాట ఖాయం చేసుకుంటారు, స్టేజీ మీద చరణంలో గొంతు చిట్లుతుంది. పరీక్ష తిరగేసి చెయ్యండి: పాటలో అన్నిటికన్నా పైన ఉన్న ముక్క ఏదో చూసుకుని ముందు అది పాడించండి, వరసగా మూడుసార్లు. మూడోసారి మెడ నరాలు తేలుతుంటే ట్రాకు దించాలి. అరశ్రుతి, ఒక శ్రుతి దించితే తేడా పెద్దగా తెలియదు. ఒకటిన్నర దాటితే తబలా డొల్లగా, వయొలిన్ జలుబు చేసినట్టు వినిపిస్తాయి. టెంపో కదలకుండా పిచ్ మాత్రమే మార్చే పద్ధతిలో చెయ్యాలి. కొన్ని ఫోన్ యాప్‌లు రెండూ కలిపి దించేస్తాయి, పాట ఈడ్చినట్టవుతుంది.

యుగళగీతాల్లో చిక్కు వేరు. మామూలుగా మగవాళ్ళకి ఒకటి నుంచి రెండు శ్రుతి, ఆడవాళ్ళకి ఐదు, ఐదున్నర హాయి. మగాయన కోసం ట్రాకు రెండు శ్రుతులు దించితే ఆవిడకి మంద్రంలో మాట వినపడదు. అప్పుడు దించాల్సింది ట్రాకుని కాదు, ఆయన్ని మార్చాలి.

‘శంకరా నాదశరీరాపరా’ అందరూ అడుగుతారు. శాస్త్రీయ శిక్షణ లేని బాలు గారికే సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది గారు దగ్గరుండి నేర్పించాల్సి వచ్చింది. యూట్యూబ్ విని పదిరోజుల్లో వచ్చేది కాదు. పెట్టాలనుకుంటే మొదటి ఐదు పాటల్లో పెట్టండి, ఎనిమిదిన్నరకి గొంతు వేడెక్కి కాదు, అలసిపోయి ఉంటుంది.

ఇంకోటి, బాలు గారి నవ్వూ, విరుపులూ అనుకరించొద్దని ముందే చెప్పండి. ఆయన అల్లు రామలింగయ్య గారికి ‘ముత్యాలు వస్తావా’ పాడినప్పుడు ఆ నటుడి గొంతులోకి వెళ్ళారు, పాత్ర అడిగింది కాబట్టి. మనం ఆయన గొంతులోకి వెళ్తే మిమిక్రీ అవుతుంది. ఆయన నుంచి పట్టుకోవాల్సింది ఉచ్చారణ. ళ, ణ, ష సరిగ్గా పలకాలి, వత్తులు మింగకూడదు. ‘విధాత తలపున’లో ‘ఝరీ’ని ‘జరీ’ అంటే నది పోయి చీర అంచు వస్తుంది. రిహార్సల్లో పాడించే ముందు ఒకసారి సాహిత్యం మాత్రమే గట్టిగా చదివించండి, సగం తప్పులు అక్కడే బయటపడతాయి.

మైకుసెట్టు:
150 మందికి 12 లేదా 15 అంగుళాల పవర్డ్ స్పీకర్లు రెండు చాలు. స్టాండు మీద మనిషి తలకన్నా ఎత్తులో, పాడేవాళ్ళకన్నా ముందుకి పెట్టించండి. వెనక పెడితే మైకులోకి మళ్ళీ అదే సౌండు వెళ్ళి కూత పెడుతుంది. పాడేవాళ్ళ వైపు తిప్పి ఒక మానిటర్ (వాళ్ళకి వినపడేందుకు పెట్టే స్పీకర్) తప్పనిసరి. అది లేకపోతే ట్రాకు వాళ్ళకి హాలు వెనక గోడకి కొట్టుకుని ఆలస్యంగా వినిపిస్తుంది, తాళం వెనకబడుతుంది. తప్పు పాడేవాళ్ళదని అందరూ అనుకుంటారు. వైరున్న మైకులు నాలుగు అడగండి: ఇద్దరికి, యాంకర్‌కి, ఒకటి స్పేరు. కార్డ్‌లెస్ అయితే మధ్యలో సెల్స్ మార్చాల్సి రావచ్చు. మైకు జాలీని గుప్పిట్లో పట్టుకుంటే కూత ఖాయం, ఇది ఎనిమిది మందికీ చేసి చూపించండి.

ఎకో తగ్గించమని ముందే గట్టిగా చెప్పండి. సెట్టు వాళ్ళకి అది ఎంత ఉంటే అంత గొప్ప. తంబురా గారు చెప్పిన వత్తులన్నీ ఎకోలో కరిగిపోతాయి. యాంకర్ మైకుకి అసలే వద్దు.

ట్రాకు ల్యాప్‌టాప్ నుంచి వైరుతోనే ఇవ్వాలి. ఛార్జర్ పెట్టగానే గుర్రుమని హమ్ వస్తే ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్యలో డీఐ బాక్స్ (ఆ హమ్‌ని అడ్డుకునే చిన్న పెట్టె) పెడితే సాధారణంగా పోతుంది. ఫైళ్ళకి 01, 02 అని వరస నంబర్లు ఇచ్చి, అదే సెట్టు ఇంకో పెన్‌డ్రైవ్‌లో కూడా ఉంచండి. బ్లూటూత్ వద్దు, మధ్యలో ఎవరి ఫోనో అతుక్కుంటుంది.

ఏఐతో గొంతు తీసేసిన ట్రాకులు ఇప్పుడు ఎక్కువగా తిరుగుతున్నాయి. జాగ్రత్త. గొంతుతో పాటు నడిచే ఫ్లూటు, వీణ ముక్కలు కూడా దాంతోపాటే కొట్టుకుపోతాయి, కోరస్ సగం సగం మిగులుతుంది. విశ్వనాథ్ గారి సినిమాల పాటల్లో ఇది బాగా తెలుస్తుంది. మొదటి నుంచి చివరిదాకా హెడ్‌ఫోన్‌లో విన్నాకే ఖాయం చెయ్యండి. పల్లవి విని ఓకే అనొద్దు.

లా_పాయింటు:
కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఎల్) ప్రకారం అమెచ్యూర్ క్లబ్బు గానీ సొసైటీ గానీ డబ్బు తీసుకోకుండా ప్రేక్షకుల ముందు పాడితే సాహిత్యం, సంగీతం వరకు ఉల్లంఘన కాదు. టికెట్ పెట్టినా, ‘డోనర్ పాస్’ అని అమ్మినా ఆ రక్షణ పోతుంది. స్పాన్సర్ బ్యానర్లు కడితే వాదనకి చోటిచ్చినట్టే. అయితే మీరు ప్లే చేసే ట్రాకు వేరే వస్తువు. అది సౌండ్ రికార్డింగ్, పై మినహాయింపు దానికి వర్తించదు. కొనుక్కున్న కరోకే ట్రాకు అయితే పబ్లిక్‌గా వాడుకోవచ్చో లేదో దాని షరతుల్లో చూడండి. అనుమానం ఉంటే పాటల లిస్టు జతచేసి సాహిత్య సంగీతాల హక్కులు చూసే ఐపీఆర్ఎస్‌కి, రికార్డింగుల హక్కులు చూసే పీపీఎల్‌కి ముందే మెయిల్ పెట్టుకోవడం మంచిది. సినిమా క్లిప్పులు తెర మీద వేయడం మళ్ళీ వేరే హక్కు.

ఇవన్నీ చాదస్తం అనుకోకండి. 2017లో బాలు గారి అమెరికా టూర్ మధ్యలోనే ఇళయరాజా గారి నుంచి లీగల్ నోటీసు వచ్చి, ఆ టూర్‌లో ఆయన పాటలు పాడటం ఆపేశారు. ఇక కాపీరైట్ కాలపరిమితి రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. 1961లో పోయిన వాసుదేవాచార్యుల సాహిత్యం 2022 నుంచి అందరిదీ. సిరివెన్నెల గారిది 2081 చివరిదాకా కాదు.

లౌడ్‌స్పీకర్‌కి పోలీసు అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. మూసిన హాల్లో కాక లాన్‌లో పెడితే రాత్రి 10 తర్వాత అసలు కుదరదు. లైవ్ ఇవ్వాలనుకుంటే ఆ ట్రాకుల్ని యూట్యూబ్ పట్టేసి క్లెయిమ్ వేయొచ్చు, లైవ్ మధ్యలో ఆగొచ్చు కూడా. రికార్డు చేసుకుని తర్వాత పెట్టండి.

గజ్జెలబండి:
అందరూ ట్రాకులే అంటున్నారు, నేను ఒప్పుకోను. ఒక కీబోర్డు, ఒక తబలా దొరికితే ట్రాకు గొడవ సగం తీరుతుంది. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ ఒక మీట, శ్రుతి అక్కడికక్కడే మారుతుంది. పాడేవాళ్ళు ఒక గీత ముందు ఎత్తుకున్నా తబలా ఆయన పట్టుకుంటాడు, ట్రాకు ఆగదు కదా. కనీసం శంకరాభరణం పాటలకైనా అలా చూడండి. రెండు రిహార్సల్స్ మాత్రం వాద్యగాళ్ళతోనే జరగాలి.

కొబ్బరాకు:
అందరికీ ధన్యవాదాలండి. లిస్టు 20కి దించాం. ‘సామజవరగమనా’ తీసి ‘మానస సంచరరే’ పెట్టాం. తబలా ఆయన దొరికారు, కీబోర్డుకి అడుగుతున్నాం. ఒక్క చిన్న సందేహం: స్టేజీ మీద నలుగురి ఫొటోలు 12×18 అంగుళాలవి వేయిద్దామని, వాట్సాప్‌లో వచ్చినవి సరిపోతాయా?

మైకుసెట్టు:
సరిపోవండి. 12×18కి 150 డీపీఐ (అంగుళానికి 150 చుక్కలు) వేసుకున్నా 1800×2700 పిక్సెల్స్ కావాలి. మామూలుగా పంపిన వాట్సాప్ బొమ్మ కుదించుకుపోయి వస్తుంది, పెద్దది చేస్తే మొహం మైనంలా అవుతుంది. డాక్యుమెంట్‌గా పంపించుకోండి, లేదా 8×12కి తగ్గించండి. దండ కళ్ళ మీదకి రాకుండా ఫ్రేము పైన రెండు మేకులు కొట్టించండి.