వియ్యంకుడికి యిడ్డిష్‌లో సాటి మాట

"వియ్యంకుడు"కి ఇంగ్లీషులో ఒక్క పదం లేదని మొన్న ఇక్కడ అనుకున్నాం. తూర్పు ఐరోపా యూదుల భాష యిడ్డిష్‌లో మాత్రం ఉంది. వియ్యంకుడు "మెఖుతన్", వియ్యపురాలు "మెఖుతెనెస్తె", వియ్యాలవారంతా కలిపి "మెఖుతోనిమ్". ఖ-ని గొంతు లోపల గీరుతున్నట్టు పలకాలి.

మాట హీబ్రూ నుంచి వచ్చింది. ఖ-త-న ధాతువు. ఖతాన్ అంటే పెళ్ళికొడుకు, అల్లుడు కూడా. ఖతునా పెళ్ళి. ఖోతేన్ పిల్లనిచ్చిన మామ. బైబిలు నిర్గమకాండం 18లో యిత్రో వస్తున్నాడని తెలిసి మోషే ఎదురెళ్ళి, వంగి నమస్కరించి, ముద్దుపెట్టుకుంటాడు. ఇద్దరూ కుశలమడుక్కుని గుడారంలోకి వెళ్తారు. ఆ యిత్రో మోషేకి ఖోతేన్.

బైబిలు హీబ్రూలో భర్త తండ్రికి ఈ మాట వాడరు. ఆయన "ఖామ్", భర్త తల్లి "ఖమోత్". రూతుకు నయోమి ఖమోత్. మనకు రెండు వైపులా అత్తామామలే కాబట్టి తెలుగులో ఆ తేడా నిలవదు. ఇప్పటి హీబ్రూలోనూ మామూలుగా రెండు వైపులా ఖామ్, ఖమోత్ అంటున్నారు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే ధాతువు నుంచి వచ్చిన క్రియ, "హిత్ఖతేన్". పెళ్ళితో చుట్టరికం కలుపుకోవడం అని అర్థం. ద్వితీయోపదేశకాండం 7లో ఇశ్రాయేలీయులకు కనాను జాతులతో అది వద్దన్న చోట తెలుగు బైబిలు "వియ్యమందకూడదు" అంటుంది. ఎంత సరిగ్గా అతికిందో చూడండి! "పెళ్ళి చేసుకోకూడదు" అంటే ఇద్దరి సంగతి, "వియ్యమందకూడదు" అంటే రెండిళ్ళ సంగతి. వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలనే మనవాళ్ళకు వేరే మాట వెతుక్కునే పనే పడలేదు.

ఆ రెండిళ్ళ సంగతి అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా) యూదుల పెళ్ళిలో కళ్ళారా కనిపిస్తుంది. "తెనాయిమ్" అనే ఒప్పంద పత్రం చదివాక వియ్యపురాళ్ళిద్దరూ ఒక పింగాణీ పళ్ళేన్ని కలిసి పట్టుకుని పగలగొడతారు. ముక్కలు ఎగరకుండా గుడ్డలో చుడతారు. పగిలిన పళ్ళెం అతకదు, అలాగే ఇచ్చిన మాట వెనక్కి తీసుకోకూడదని చెప్పుకుంటారు. ఆ పని చేసేది పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కాదు, తల్లులు.

కింద ఒకరు అడిగారు, ఈ యూదు వియ్యంకులు ఎదురుపడితే ఏమని పిలుచుకుంటారని. మెఖుతన్ అనే పిలుస్తారు. మనం ఎక్కువగా "బావగారూ", "వదినగారూ" అంటాం, మేనరికాల్లో వియ్యంకులు ముందే బావాబావమరుదులు కాబట్టి. యూదుల్లోనూ దగ్గరి సంబంధాలు కొత్త కాదు. అక్క కూతుర్ని చేసుకోవడాన్ని యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్, యెవామోత్ అనే భాగం 62లో, మెచ్చుకుంటుంది కూడా. అయినా వాళ్ళ వియ్యంకుడు బావ కాలేదు, మెఖుతన్‌గానే ఉండిపోయాడు.