పిల్లల ఫొటోలు: ఐఎస్‌ఓ పెంచాలా, పిల్లల్నే కదలకుండా కూర్చోబెట్టాలా?

లలిత_కె: మా పాపకు మూడేళ్లు. ఫ్లాష్ వాడకుండా కిటికీ పక్కన తీస్తున్నాను. 50 ఎంఎం లెన్స్, ఎఫ్ 1.8 (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, చిన్నదైతే ఎక్కువ వెలుగు), షట్టర్ 1/60 సెకను, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) 100. వెలుగు బాగానే ఉంటోంది కానీ చాలా ఫొటోలు కదిలిపోతున్నాయి. ఐఎస్‌ఓ పెంచితే గ్రెయిన్ (చుక్కలు చుక్కలుగా గరుకు) వస్తుందని మా అన్నయ్య వద్దంటున్నాడు. ఏం చేయమంటారు?

పాత_నెగటివ్: మీ అన్నయ్య మాట వినండి. ఐఎస్‌ఓ 400 దాటిందంటే చర్మంలో నునుపు పోతుంది. వెలుగు చాలకపోతే పాపను కిటికీకి దగ్గరగా జరపండి, దూరం పెరిగేకొద్దీ వెలుగు గబగబా పడిపోతుంది. ఎండ నేరుగా పడుతుంటే పలచటి తెల్ల కర్టెన్ వేయండి. నీడ పడే చెంప వైపు తెల్లటి థర్మోకోల్ షీట్ నిలబెట్టండి. కుదురుగా కూర్చోబెడితే 1/60 చాలు.

శ్రీధర్_ఎం: మూడేళ్ల పాపను కుదురుగా కూర్చోబెట్టడమా? మీ ఇంట్లో పిల్లలున్నారా సార్? షట్టర్ 1/250కి తగ్గకూడదు, పరుగెడుతుంటే 1/500. ఆటో ఐఎస్‌ఓ పెట్టి కనీస షట్టర్ స్పీడ్ సెట్ చేసుకుంటే సరి. 3200కి వెళ్లినా నష్టం లేదు. నాయిస్, అదే ఆ గ్రెయిన్, తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన మొహాన్ని ఏం చేస్తారు?

పాత_నెగటివ్: 3200! ఫోన్‌లో చూసుకునేవాళ్లకు నష్టం లేదులెండి. పెద్ద ప్రింటు వేసి గోడకు తగిలించండి, అప్పుడు మాట్లాడదాం.

చిన్ని_నాన్న: ఫోన్‌తో తీస్తే ఈ గొడవే లేదు.

లెక్కల_మాస్టారు: 1/60 నుంచి 1/250కి రెండు స్టాపులు, వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది. అంటే ఆవిడకు కావాల్సింది ఐఎస్‌ఓ 400. మధ్యలో ఈ 3200 ఎక్కణ్ణుంచి వచ్చింది?

శ్రీధర్_ఎం: అందరి ఇళ్లలో అంత వెలుగు ఉండదు మాస్టారూ.

సుధ_ఫొటోస్: అసలు ఎఫ్ 1.8 సంగతి ఎవరూ ఎత్తరేం? ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 50 ఎంఎంతో మీటరు దూరం నుంచి తీస్తే షార్ప్‌గా వచ్చేది దాదాపు 4 సెంటీమీటర్లే. పాప తల కాస్త తిప్పితే ఒక కన్ను ఫోకస్‌లో, రెండోది మసక. సగం ఫొటోలు కదలక్కర్లేకుండా అలాగే పోతాయి. ఎఫ్ 2.8 పెట్టి, కంటిని వెంటాడే ఆటోఫోకస్ ఆన్ చేయండి. మీరు కూడా నేలమీద కూర్చోండి, పైనుంచి తీస్తే తల పెద్దదిగా, కాళ్లు పొట్టిగా వస్తాయి.

లెక్కల_మాస్టారు: ఎఫ్ 2.8 అయితే లోపలికి వచ్చే వెలుగు తగ్గి, ఐఎస్‌ఓ 1000 దాకా వెళ్తుంది.

పాత_నెగటివ్: అదిగో. నేను అన్నదే.

శ్రీధర్_ఎం: ఏమన్నారు మీరు? అచ్చం మీలాగే మాట్లాడే ఒకాయన స్టూడియోకి మా బాబును తీసుకెళ్లాం. గడ్డం పట్టుకుని తిప్పడం, "ఇటు చూడు, నవ్వు, చెయ్యి దించు". ఫొటో ఒక్క గింజ గ్రెయిన్ లేకుండా వచ్చింది. అందులో మా వాడే లేడు, భయపడిపోయిన ఎవరో పిల్లాడు ఉన్నాడు.

పాత_నెగటివ్: అయితే మీ కోపం ఐఎస్‌ఓ మీద కాదన్నమాట.

శ్రీధర్_ఎం: కాదు. కూర్చోబెట్టడం మీద.

పాత_నెగటివ్: కూర్చోబెట్టడమంటే గడ్డం పట్టుకోవడం కాదండీ. ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతుంటే పిల్లలు మన కళ్లలోకి చూస్తారు, కిటికీ మెరుపు వాళ్ల కళ్లలో పడేది అప్పుడే. మీరేమో మూలన నక్కి బరస్ట్ (వరసగా గబగబా ఫొటోలు) కొడతారు. వాడికి తెలియకుండా తీసింది వాడి ఫొటో ఎలా అవుతుంది?

శ్రీధర్_ఎం: తెలియనప్పుడే వాడు వాడిలా ఉంటాడు. ఇక్కడ మనిద్దరికీ కుదరదు.

లలిత_కె: నేలమీద కూర్చుని ఎఫ్ 2.8, 1/250, ఐఎస్‌ఓ 1000తో తీశాను. పాప బొమ్మకు జడ వేస్తోంది, కళ్లు రెండూ షార్ప్‌గా వచ్చాయి. కానీ ఒక చెంప మాత్రం ఆకుపచ్చగా ఉంది, ఎందుకని?

సుధ_ఫొటోస్: అటువైపు ట్యూబ్‌లైట్ వెలుగుతోందా? ఆపేయండి. రెండు రకాల వెలుగు కలిస్తే వైట్ బ్యాలెన్స్ (వెలుగును బట్టి రంగుల సవరణ) ఒకదానికి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది. లైటు లేకపోతే పక్కన ఆకుపచ్చ గోడో దుప్పటో ఉందేమో చూడండి.

లలిత_కె: ట్యూబ్‌లైటే. ఆపేశాను, పోయింది. థాంక్సండీ.